దుప్పి, కణితి, కొండగొర్రె: పొట్టలోని సూక్ష్మజీవులను నిర్ణయించేది మేతా, ఒంటి పరిమాణమా?

#1 నల్లమల_అంచు

అందరికీ నమస్కారం. ప్రకాశం వైపు నల్లమల, దాని కిందుగా సాగే వెలిగొండలు, నెల్లూరు పెంచలకోన అడవి, తీరం వెంబడి బీళ్ళు. ఈ పట్టీలో నెమరువేసే అడవి జంతువులను బరువు ప్రకారం వరస పెడితే మూషిక జింక 3 కిలోలు, కొండగొర్రె (నాలుగు కొమ్ముల జింక) 20, కృష్ణజింక 35 దరిదాపు, చుక్కల దుప్పి ఆడదైతే 50, మగదైతే 80, కణితి (సాంబర్), మనుబోతు (నీల్‌గాయ్) 200 చుట్టుపక్కల, వాటిలో మగవి ఇంకా ఎక్కువ. అన్నిట్లోనూ జరిగే పని ఒకటే. ఆకునో గడ్డినో సూక్ష్మజీవులకు అప్పగించి, అవి పులియబెట్టి వదిలే ఆమ్లాలతో బతకడం. ఆ సూక్ష్మజీవులు మాత్రం అన్నిట్లో ఒకే పాళ్ళలో ఉండవు.

ఈ తేడాకు మూలం మేతా, ఒంటి పరిమాణమా? "చిన్న జంతువుకు మెత్తటి మేత, పెద్ద జంతువుకు ముతక మేత" అనే పాఠంలో ఈ రెండూ ముడిపడిపోయాయి. ఎమ్మెస్సీ విద్యార్థుల ప్రాజెక్టుగా పెంటికలతో ఈ ముడి విప్పగలమా? విప్పాలంటే ఎలా, ఎక్కడ చెడుతుంది? వివరంగా రాయండి.

#2 వెలిగొండ

ముందు లెక్క చూద్దాం మాస్టారూ. 1932లో మాక్స్ క్లైబర్ చూపించిన సంబంధం ప్రకారం, ఊరకే పడుకుని ఉన్న జంతువుకు రోజుకు కావలసిన శక్తి సుమారు 70 × (బరువు)^0.75 కిలోకాలరీలు. 3 కిలోల మూషిక జింకకు 160, అంటే ఒంటి కిలోకు 53. 20 కిలోల కొండగొర్రెకు 660, కిలోకు 33. 60 కిలోల దుప్పికి కిలోకు 25. 200 కిలోల మనుబోతుకు 19. 500 కిలోల ఒంగోలు ఎద్దుకు 15.

పొట్ట మాత్రం బరువుతో పాటే పెరుగుతుంది. నెమరువేసే జంతువు పొట్టలో మొదటిదీ పెద్దదీ అయిన గదిని రూమెన్ అంటారు. రూమెన్‌లో ఉండే సరుకు చిన్న జంతువులోనైనా పెద్ద జంతువులోనైనా ఒంటి బరువులో పదో వంతు నుంచి ఏడో వంతు వరకు ఉంటుంది. అంటే కొండగొర్రె దగ్గర ఉన్న పొట్ట తన పాలికి ఎద్దుకున్నంతే, అవసరం మాత్రం కిలోకు రెట్టింపుకు మించి. ఎండు గడ్డి నానుతూ కూర్చుంటే దానికి గడవదు. లేత ఆకు, పువ్వు, కాయ ఏరుకోవాలి. మూతి సన్నగా ఉండటం కూడా అందుకే పనికొస్తుంది. ఈ ఆలోచనకు 1971లో బెల్, 1974లో జార్మన్ రూపం ఇచ్చారు. ఇద్దరూ ఆఫ్రికా జంతువులపైనే పనిచేశారు.

అయితే దీన్ని ఒక మెట్టు ఎక్కువ లాగి "పెద్ద జంతువు కాబట్టి పీచును బాగా అరిగించుకుంటుంది" అంటుంటారు. 2013లో ముల్లర్, క్లాస్ బృందం అందుబాటులో ఉన్న కొలతలన్నీ చేర్చి చూస్తే, శరీరం పెద్దదైనంత మాత్రాన అరుగుదల పెరుగుతుందన్నది నిలబడలేదు. పెద్ద జంతువు నాసి మేతతో నెట్టుకురాగలదు, అంతవరకే. కాబట్టి నా మాట ఇది: ఒంటి పరిమాణం సూక్ష్మజీవులను నేరుగా ఎంచదు. ఏ మేతతో బతకవచ్చో హద్దు గీస్తుంది. ఆ హద్దు లోపల ఎంపిక చేసేది మేత, అది పొట్టలో నిలిచే సమయం.

#3 పిప్పెట్

"నిలిచే సమయం" అన్న మాట దగ్గరే ఇంకాస్త ఆగాలి. పరిమాణం, మేత రెండూ సూక్ష్మజీవులను తాకేది అక్కడే.

రూమెన్‌ను ఒకవైపు వాగు కలుస్తూ ఇంకోవైపు తూము తెరిచి ఉన్న చెరువు అనుకోండి. గంటకు 8 శాతం ద్రవం బయటికి పోతోందంటే, 0.693ని (రెట్టింపయ్యే సమయం లెక్కకు వాడే స్థిర సంఖ్య) 0.08తో భాగించి 8.7 గంటలు. అంతకంటే నిదానంగా రెట్టింపయ్యే జీవి ఆ ద్రవంలో నిలవదు, కొట్టుకుపోతుంది. గంటకు 15 శాతం పోతుంటే గడువు 4.6 గంటలకు దిగుతుంది. బాక్టీరియాలో చాలావాటికి ఇది ఇబ్బంది కాదు. పెద్ద ప్రోటోజోవాలకు (బాక్టీరియా కంటే ఎన్నో రెట్లు పెద్దవైన ఏకకణ జీవులు), పీచులోకి వేళ్ళు దించుకునే ఫంగస్‌లకు మాత్రం ప్రాణసంకటం. అవి బతకాలంటే ద్రవంతో పాటు కదలని చోటు కావాలి.

గడ్డి మేసే వాటికి ఆ చోటు ఉంది. రూమెన్‌లో పైన వాయువు, మధ్యలో తేలే పీచు చాప, అడుగున పలచటి ద్రవం అని పొరలు కడుతుంది. ద్రవం గబగబా పోతుంది, పీచు ముక్క దాదాపు రెండింతలు సేపు ఆగుతుంది. ఆ చాపే ఆశ్రయం. ఆకు మేసే వాటిలో పొరలు సరిగా కట్టవు, లోపలి సరుకు చిక్కటి జావలా ఒకటిగా ఉంటుంది, పీచు ముక్క కూడా ద్రవంతో కాస్త అటూ ఇటుగా వెళ్ళిపోతుంది. క్లాస్ బృందం వీటికి "పశువు రకం", "మూస్ రకం" (మూస్ అంటే చలి దేశాల పెద్ద జింక) అని పేర్లు పెట్టింది.

ఆకు మేసే అడవి జింకల్లో ప్రోటోజోవాలు చూస్తే చాలాసార్లు చిన్న సైజు ఎంటోడినియం ఒక్కటే రాజ్యం చేస్తుంటుంది. డిప్లోడినియం, ఆఫ్రియోస్కోలెక్స్ లాంటి పెద్దవి గడ్డి మేసేవాటిలో కనిపిస్తాయి. చాప లేకపోవడం దీనికి బలమైన కారణం.

#4 జోడిపి_మంద

ఊరి జీవాల్లోనే చూడొచ్చు గదా ఈ తేడా. నెల్లూరు గొర్రె, అది పల్ల అయినా జోడిపి అయినా దోర అయినా, తల వంచి గడ్డి మేస్తుంది. మేక ముందరి కాళ్ళు ఎత్తి రేగు, తుమ్మ, పరికి మీద పడుద్ది. బరువులో పెద్ద తేడా లేదు. ఒకే కాపరి, ఒకే బీడు, ఒకే నీళ్ళు. బరువు ఒకటై మేత వేరైతే ఏమవుద్దో ఇక్కడే తేలుద్ది. అడవి జంతువుల దాకా పోకముందు వీటితో మొదలుపెట్టమని నా సలహా.

#5 పశువైద్యం_ఉదయగిరి

మంచి సలహా. దానికి రెండు విషయాలు కలుపుతాను, రెండూ మన చెట్లకు సంబంధించినవే.

ఒకటి టానిన్, అంటే ఆకుకు, కాయకు వగరు ఇచ్చే పదార్థం. తుమ్మ, చిరుమాను, ఉసిరి, ఇలా మన ఆకుల్లో, కాయల్లో అది దండిగా ఉంటుంది. టానిన్ మాంసకృత్తులను పట్టుకుని బిగిస్తుంది, సూక్ష్మజీవుల ఎంజైములను కూడా. ఆకు మేసే జంతువులకు లాలాజల గ్రంథులు పెద్దవి. వాటి లాలాజలంలో ప్రోలిన్ ఎక్కువగా ఉండే మాంసకృత్తులు నోట్లోనే టానిన్‌ను కట్టేస్తాయి. అది దాటి లోపలికి వెళ్ళినదాన్ని తట్టుకునే బాక్టీరియా వేరు. స్ట్రెప్టోకాకస్ గాలోలిటికస్ అలాంటిదే, ఆస్ట్రేలియాలో అడవిపట్టి అకేసియా తినే మేకల రూమెన్ నుంచి 1990ల్లో దాన్ని వేరుచేశారు. మేకకు అలవాటైన ఆకు గొర్రెకు ఒక్కసారిగా పెడితే మేత తగ్గించేస్తుంది. తేడా నాలుకది మాత్రమే కాదు, లోపలి జనాభాది కూడా.

రెండోది సుబాబుల్. ప్రకాశంలో కాగితం మిల్లుల కోసం ఎకరాలకు ఎకరాలు ఉంది, తోటల అంచున జీవాలు మేస్తూనే ఉంటాయి. దాని ఆకులో మైమోసిన్ ఉంటుంది. రూమెన్‌లో అది డీహెచ్‌పీ అనే పదార్థంగా మారి థైరాయిడ్‌ను దెబ్బతీస్తుంది. వెంట్రుకలు రాలడం, చొంగ కారడం, బరువు తగ్గడం కనిపిస్తాయి. ఆ డీహెచ్‌పీని విరగ్గొట్టే బాక్టీరియాకు 1992లో సినర్జిస్టెస్ జోన్సియై అని పేరు పెట్టారు. అంతకు ముందే హవాయి మేకల నుంచి తెచ్చి ఆస్ట్రేలియా పశువులకు ఎక్కిస్తే విషబాధ తగ్గింది. జంతువు అదే, మేత అదే, ఒక్క సూక్ష్మజీవి చేరికతో తినలేనిది తినగలిగేదయింది. అలవాటు లేని మందకు మొత్తం మేతలో సుబాబుల్ 30 శాతం దాటనివ్వకూడదని చెప్పేది అందుకే. తోటల్లోకి వచ్చే దుప్పులు, మనుబోతులకు కూడా ఇదే లెక్క వర్తిస్తుంది.

#6 చెంగలిగడ్డి

మేత అన్నప్పుడు ఏ జాతి మొక్క అని మాత్రమే కాదు, ఏ నెల అని కూడా అడగాలి. మనకు ఈశాన్య రుతుపవనాలు ముఖ్యం. నెల్లూరులో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పచ్చిక. చెంగలి గడ్డి లేతగా ఉన్నప్పుడు ఉన్న మాంసకృత్తి గింజ పట్టి ఎండేసరికి సగానికి దిగిపోతుంది. బోద గడ్డి అయితే ముదిరాక ఏ జంతువూ ఇష్టంగా ముట్టదు.

మేతలో ముడి మాంసకృత్తి 7 శాతం కంటే తగ్గితే రూమెన్ సూక్ష్మజీవులకు నత్రజని కరువు మొదలవుతుంది. రూమెన్ ద్రవంలో అమ్మోనియా నత్రజని డెసిలీటరుకు 5 మిల్లీగ్రాములు ఉండాలని శాటర్, స్లైటర్ 1974లో చూపించారు. అది లేకపోతే పీచు కళ్ళెదుట ఉన్నా విరగ్గొట్టేవాళ్ళు ఉండరు. జంతువు తన రక్తంలోని యూరియాను లాలాజలం ద్వారా తిరిగి రూమెన్‌కు పంపి కొంత నెట్టుకొస్తుంది. వేసవిలో గడ్డి మేసే దుప్పి కూడా రాలిన ఆకు, పువ్వు, కాయల వైపు తిరుగుతుంది. సర్కారు తుమ్మ, అదే మన చిల్ల చెట్టు, దాని కాయ తియ్యగా ఉంటుంది కాబట్టి అన్నీ తింటాయి.

అందుకని ఒకే జాతి నుంచి నవంబరు పెంటిక, మే పెంటిక రెండూ లేకుండా "దుప్పి సూక్ష్మజీవులు ఇవి" అని రాయకండి. ఒక జాతి లోపల ఋతువు తెచ్చే మార్పు రెండు జాతుల మధ్య తేడా అంత కనిపించవచ్చు.

#7 పిప్పెట్

#2లో వెలిగొండ గారు వంశాన్ని వదిలేశారు. మేత, సమయం ఒక్కటే అయితే దుప్పిని, ఆవును ఒకే బీటిలో మేపితే ఒకే సూక్ష్మజీవులు రావాలి. రావు.

2015లో హెండర్సన్ బృందం 35 దేశాల నుంచి, 32 జాతుల జంతువుల నుంచి 742 నమూనాలు చూసింది. ప్రివోటెల్లా, బ్యుటిరివిబ్రియో, రుమినోకాకస్ లాంటి మూల జనాభా దాదాపు ఎక్కడైనా ఉంది. వాటి పాళ్ళను ఎక్కువగా మార్చింది మేతే, ఆ తరువాత జంతువు. మీథేన్ చేసే ఆర్కియాలో (బాక్టీరియాలా కనిపించే వేరే ఏకకణ జీవులు) తేడా ఇంకా తక్కువ. మెథనోబ్రెవిబాక్టర్‌లోని రెండు గుంపులే మొత్తం ఆర్కియాలో 74 శాతం. ప్రోటోజోవాల్లో మాత్రం ఒక్కో జంతువుకు ఒక్కో తీరు, ఎందుకంటే అవి గట్టి తొడుగు కట్టుకుని బయట బతకలేవు. తల్లి లాలాజలం నుంచి, ఒకే చోట మేయడం నుంచి మాత్రమే సంక్రమిస్తాయి.

జంతువు పట్టు ఎంతో చెప్పడానికి 2010లో వైమర్ బృందం చేసిన ప్రయోగం చాలు. రెండు ఆవుల రూమెన్ సరుకును 95 శాతానికి పైగా ఒకదానిది ఇంకొకదానిలోకి మార్చారు. ఆమ్లత, కొవ్వు ఆమ్లాల పాళ్ళు ఒక్క రోజులోనే ఎవరివి వారికి తిరిగి వచ్చాయి. బాక్టీరియా కూడా వారాల్లో పాత తీరుకు చేరువైంది. లాలాజలం ఎంత, నెమరు ఎంతసేపు, తూము ఎంత తెరుచుకుంటుంది, ఇవన్నీ జంతువు చేతిలో ఉన్నవి.

#8 వెలిగొండ

ఒప్పుకుంటాను, వంశం ఉంది. వంశం ఉంది కాబట్టే మన ప్రాంతం ఈ ప్రశ్నకు అరుదైన అవకాశం. ఈ చర్చలో నేను గట్టిగా చెప్పదలచింది ఇదే.

మనుబోతు, కొండగొర్రె. బోసెలాఫిని అనే తెగలో ఇప్పుడు బతికున్న జాతులు ప్రపంచం మొత్తంలో ఈ రెండే. రెండూ నల్లమలలో ఉన్నాయి. ఒకటి 200 కిలోలు, ఇంకొకటి 20. వంశం దగ్గరిది, బరువు పదిరెట్లు. ఒంటి పరిమాణం ప్రభావం చూడాలంటే ఇంతకంటే మంచి జత దొరకదు.

దుప్పి, కణితి. రెండూ ఒకే జింకల కుటుంబం, అక్కడా దగ్గరి చుట్టాలే. మామూలు సూత్రం ప్రకారం పెద్దదైన కణితి గడ్డి మేయాలి, చిన్నదైన దుప్పి ఆకు తినాలి. జరిగేది తిరగేసి. దుప్పి పచ్చిక ఉన్నంతకాలం గడ్డి వైపు మొగ్గుతుంది, కణితి ఆకు, కొమ్మ, కాయ బాగా కలుపుకుంటుంది. బరువు ఒకవైపు, మేత ఇంకోవైపు లాగుతున్నాయి కాబట్టి సూక్ష్మజీవులు ఎటు మొగ్గుతాయో చూస్తే ఏది బలమైనదో తెలుస్తుంది.

కృష్ణజింక 35 కిలోలే ఉండి పక్కా గడ్డి జంతువు. దాన్ని ఒకవైపు కొండగొర్రెతో పోల్చండి, బరువులో మరీ దూరం కాదు, మేత వేరు. ఇంకోవైపు అదే బీటిలో మేసే ఒంగోలు పశువుతో పోల్చండి, మేత దగ్గర, బరువు పదిరెట్లకు పైన. దీనికి జోడిపి గారు చెప్పిన మేక, గొర్రె జత కలిపితే ముడిలో మూడు పోగులూ (పరిమాణం, మేత, వంశం) విడివిడిగా పట్టుకోవచ్చు.

2019లో కార్ట్‌జినెల్ బృందం కెన్యాలో 33 జాతుల పెద్ద శాకాహారుల పెంటికల నుంచి మేత, సూక్ష్మజీవులు రెండూ డీఎన్ఏతో చదివింది. వంశం బలంగా కనిపించింది, వంశం లెక్క తీసేసినా మేతకు, సూక్ష్మజీవులకు సంబంధం మిగిలింది. అక్కడ జాతులు చాలా ఉండి సాధించినదాన్ని మనం జతలు సరిగా ఎంచుకుని చేయాలి.

#9 నల్లమల_అంచు

అద్భుతం. ఒక సందేహం. పెంటిక పేగు చివరిది గదా, రూమెన్‌ది కాదు. పెంటికతో రూమెన్ గురించి మాట్లాడవచ్చా?

#10 పశువైద్యం_ఉదయగిరి

మాట్లాడకూడదు. పెంటికలో కనిపించేది పెద్దపేగు జనాభా. ప్రివోటెల్లా, ఫైబ్రోబాక్టర్ అక్కడ తగ్గిపోతాయి, రుమినోకాకేసి, రికెనెల్లేసి లాంటివి పెరుగుతాయి. రూమెన్ ప్రోటోజోవాలు అబోమేసం (నాలుగో పొట్ట) ఆమ్లంలో చచ్చి అరిగిపోతాయి, కాబట్టి పెంటికలో వాటి కోసం వెతకడం దండగ. శీర్షికలోనే "పేగు సూక్ష్మజీవులు" అని రాయండి. మేత ప్రభావం పెద్దపేగులో కూడా స్పష్టంగానే పడుతుంది, అది చాలు.

రూమెన్ నమూనా కావాలంటే దారి ఒక్కటే. రోడ్డు ప్రమాదంలోనో కుక్కల దాడిలోనో చనిపోయిన జంతువుకు అటవీశాఖ పోస్టుమార్టం చేయిస్తున్నప్పుడు, అనుమతితో తీసుకోవడం. చనిపోయిన గంట, రెండు గంటల లోపు. పొట్ట ఉబ్బి ఉంటే ఆ నమూనా వదిలేయండి. గుడ్డలో వడకట్టి ద్రవం ఒక్కటే పట్టుకోవద్దు. సూక్ష్మజీవుల్లో ఎక్కువ భాగం పీచుకు అంటుకుని ఉంటుంది. పైన, మధ్య, అడుగు మూడు చోట్ల నుంచి పీచుతో సహా తీసి కలపాలి.

#11 వెలిగొండ

పెంటికలు సేకరించే పద్ధతి రాస్తున్నాను. అభయారణ్యంలో పెంటిక తీయడానికి కూడా రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షకుని రాతపూర్వక అనుమతి ఉండాలి. దానికి నెలలు పట్టవచ్చు, ప్రాజెక్టు మొదలవకముందే పెట్టండి.

తెల్లవారుజామున వెళ్ళాలి. జంతువు కళ్ళెదుట వేసి కదిలిన పెంటిక అన్నిటికంటే ఉత్తమం, జాతి గురించి అనుమానం ఉండదు. లేకపోతే పైన జిగురు మెరుస్తూ, విరిస్తే లోపల తడిగా పచ్చగా ఉన్నవే. రోహిణి కార్తెలో గంటకే పైపొర ఎండుతుంది, గాలి తగిలిన చోట వేరే బాక్టీరియా పెరగడం మొదలవుతుంది. పేడపురుగు తొలిచిన కుప్ప వద్దు. మట్టికి ఆనిన పెంటిక కాకుండా కుప్ప పైనున్నవి తీసుకోండి. కొత్త గ్లౌజు, మంటలో కాల్చిన ఫోర్సెప్స్. పెంటికను విరిచి లోపలి భాగం తీస్తే నేల కల్తీ చాలావరకు తప్పుతుంది.

రెండు మూడు పెంటికల లోపలి భాగం 15 మిల్లీలీటర్ల ట్యూబులో వేసి, దానికి కనీసం నాలుగైదు రెట్లు 95 శాతం ఇథనాల్ పోయండి. 70 శాతం ఇథనాల్ పనికిరాదు, అందులో నమూనా మారిపోతుంది. ఆసుపత్రి స్పిరిటు తెచ్చి పోస్తే ఇక్కడే చెడుతుంది. ట్యూబు మీద రాత ఇథనాల్‌కు చెరిగిపోతుంది కాబట్టి పెన్సిల్‌తో రాసిన చీటీ ఇంకొకటి లోపల వేయండి.

మనుబోతు, కొండగొర్రె పదేపదే ఒకే చోటికి వచ్చి వేస్తాయి. కుప్పలో పాతవి, కొత్తవి, ఒకే జంతువువి అనేకం కలిసి ఉంటాయి. ఒక కుప్పకు ఒక్క నమూనాయే. కృష్ణజింక పోతులు కూడా హద్దుల్లో ఇలా కుప్పలు పెడతాయి. దుప్పి మందలో అయితే కుప్పకు కుప్పకు కనీసం పది మీటర్లు ఎడం చూడండి.

లేత కణితిది, దుప్పిది ఆకారంతో గుర్తుపట్టలేరు. అనుమానం ఉన్న ప్రతి నమూనాను సైటోక్రోమ్ బి జన్యువుతో తేల్చుకోండి.

#12 పిప్పెట్

ప్రయోగశాల వైపు. ఒక్కో నమూనాకు 0.2 నుంచి 0.25 గ్రాములు, ఇథనాల్ పూర్తిగా వంచేసి ఆరనిచ్చాక. కణాలు పగలగొట్టడానికి జిర్కోనియా పూసలతో దంచడం తప్పనిసరి. రసాయనంతో మాత్రమే కరిగిస్తే గట్టి గోడ ఉన్న రుమినోకాకస్ లాంటివి, ఆర్కియా తక్కువగా లెక్కకొస్తాయి, గోడ పలచటి ప్రివోటెల్లా ఎక్కువగా కనిపిస్తుంది. అప్పుడు మీకు దొరికే "తేడా" జంతువుది కాదు, దంచడంలోది. 0.1, 0.5 మిల్లీమీటర్ల పూసలు రెండూ కలిపి వాడండి.

ఆకు మేసే వాటి పెంటికల్లో టానిన్, హ్యూమిక్ పదార్థాలు డీఎన్ఏను కాపీలు తీసే పీసీఆర్‌ను ఆపేస్తాయి. ఇది ముఖ్యంగా కొండగొర్రె, కణితి, మేక నమూనాల్లో వస్తుంది, గడ్డి జంతువులకు అంతగా రాదు. అంటే లోపం మీ ప్రశ్నతో పాటే ప్రయాణిస్తుంది. డీఎన్ఏను పదింతలు పలచన చేసి ఒకసారి, బోవైన్ సీరం ఆల్బ్యుమిన్ కలిపి ఒకసారి చూడండి. ఏది పనిచేస్తే దాన్ని అన్ని జాతులకూ ఒకే తీరుగా వాడండి.

బాక్టీరియా, ఆర్కియాను గుర్తుపట్టడానికి 16ఎస్ జన్యువు వీ4 ముక్క, దానికి 515ఎఫ్, 806ఆర్ ప్రైమర్లు (పీసీఆర్ మొదలుపెట్టే చిన్న డీఎన్ఏ ముక్కలు). ఫంగస్‌కు వేరే ప్రైమర్లు. మేతలోని మొక్కలను గుర్తుపట్టడానికి మొక్కల ట్రన్ఎల్ జన్యువు పీ6 ముక్క. ఇది చిన్నది కాబట్టి అరిగి ముక్కలైన మొక్క డీఎన్ఏలో కూడా దొరుకుతుంది. 16ఎస్ చదివినప్పుడు క్లోరోప్లాస్టు, మైటోకాండ్రియా వరసలను లెక్క నుంచి తీసేయడం మరవకండి. ప్రతి విడతలో ఖాళీ ట్యూబు ఒకటి, అదే చోటి మట్టి నమూనా ఒకటి ఉండాలి. ఖాళీ ట్యూబులో వచ్చినవి జంతువులో వచ్చాయని రాసిన పేపర్లు లేకపోలేదు.

#13 చెంగలిగడ్డి

ట్రన్ఎల్ ఖర్చు భరించలేకపోతే కార్బన్ ఐసోటోపు చేయించండి. మొక్కలు గాలిలోని కార్బన్‌ను పట్టుకునే తీరులో ముఖ్యమైనవి రెండు, సీ3, సీ4. వాటిలో బరువైన కార్బన్ పాలు వేరుగా ఉంటుంది, దాన్ని δ13సీ అనే అంకెతో చెబుతారు. మన ఉష్ణమండల గడ్డి దాదాపు అంతా సీ4, δ13సీ సుమారు −13 ఉంటుంది. చెట్లు, పొదలు సీ3, సుమారు −27. పెంటిక విలువ మేత కంటే ఒక అంకె దాకా తక్కువ వస్తుంది, అంతే. జంతువు గడ్డి ఎంత, ఆకు ఎంత అనేది ఆరబెట్టి పొడిచేసిన పెంటిక నుంచి ఒక్క సంఖ్యలో వచ్చేస్తుంది. పొలాల్లో వరి సీ3, జొన్న, మొక్కజొన్న సీ4. పంటల మీద పడే మనుబోతులకు ఇది గుర్తుపెట్టుకోవాలి. వరి తిన్నది ఆకు తిన్నట్టు కనిపిస్తుంది.

పెంటిక నత్రజనిని మేత నాణ్యతకు కొలతగా వాడతారు. టానిన్ ఎక్కువ తినేవాటిలో అది మోసం చేస్తుంది. టానిన్ కట్టేసిన మాంసకృత్తి అరగకుండా బయటికొచ్చి నత్రజని ఎక్కువ చూపిస్తుంది.

#14 జోడిపి_మంద

మధ్యలో ఒక మాట. కొండ మీద గుళ్ళకు వచ్చేవాళ్ళు దుప్పులకు అన్నం, బిస్కెట్లు, అరటిపళ్ళు పెడుతుంటారు. నమూనాలు అక్కడ తీస్తే ఫలితం మారుద్దా? ఆ దుప్పులకు ఏమైనా అవుద్దా?

#15 పశువైద్యం_ఉదయగిరి

రెండిటికీ అవుననే జవాబు. ఆ దుప్పుల నమూనాలు మీ పట్టికలోకి రానివ్వకండి, అవి అడవి మేత చెప్పవు.

దుప్పికి ఏమవుతుందంటే, పిండి, చక్కెర ఒక్కసారిగా దిగితే స్ట్రెప్టోకాకస్ బోవిస్ గంటల్లో పెరిగి లాక్టిక్ ఆమ్లం చేస్తుంది. మామూలుగా 6, 7 మధ్య ఉండే రూమెన్ పీహెచ్ 5.5 కిందికి దిగుతుంది, అంటే ఆమ్లత పెరుగుతుంది. అక్కడ పీచు విరగ్గొట్టే ఫైబ్రోబాక్టర్, రుమినోకాకస్, ప్రోటోజోవాలు చస్తాయి, లాక్టోబాసిల్లస్ ఎక్కుతుంది, రూమెన్ కదలిక ఆగుతుంది. ఆకుకు, గడ్డికి అలవాటుపడ్డ జనాభాకు ధాన్యం తట్టుకునే వ్యవధి ఉండదు. నెమ్మదిగా రెండు మూడు వారాల్లో అలవాటు చేస్తే తట్టుకునేదే, ఒక్క పూటలో పెడితే చంపుతుంది. చలి దేశాల్లో శీతాకాలం జింకలకు మొక్కజొన్న కుప్పలు పోస్తే పొట్ట నిండా మేతతో చనిపోవడానికి కారణం ఇదే.

గొర్రె గింజల మీద పడితే మనం వంటసోడా నీళ్ళలో కలిపి ఒంటి కిలోకు ఒక గ్రాము లెక్కన తాగిస్తాం, కోలుకునేటప్పుడు ఆరోగ్యంగా ఉన్న గొర్రె రూమెన్ ద్రవం ఒక లీటరు దాకా ఎక్కిస్తాం. ఆ ద్రవాన్ని గుడ్డలో వడకట్టి, వెచ్చగా, గాలి తగలకుండా పట్టి వెంటనే వాడాలి, చల్లారితే దాని విలువ పోతుంది. దుప్పికి ఇవేమీ చేయలేం. పట్టుకుంటేనే భయంతో కండరాలు దెబ్బతిని చచ్చే జంతువు అది. కాబట్టి పెట్టకపోవడమే మందు.

తల్లి పోయిన పిల్లలకు కూడా ఒక మాట. అవి ఒంటరిగా గదిలో పెరిగితే బాక్టీరియా ఎలాగో చేరుతుంది, ప్రోటోజోవాలు చేరవు. వదిలే ముందు ఆ జాతి పెద్ద జంతువులతో ఆవరణలో కలిసి మేసే అవకాశం కల్పించాలి. మెత్తటి ఆకు రెండో వారం నుంచే ముందు పెట్టాలి, రూమెన్ గోడ పెరిగేది పాలతో కాదు, పులిసిన మేత ఇచ్చే ఆమ్లాలతో.

#16 నల్లమల_అంచు

చాలా ఉపయోగం. లెక్కల గురించి చివరిగా: ఆరు అడవి జాతులు, ఒక్కోదానికి 15 నమూనాలు, రెండు ఋతువులు. మొత్తం 180. సరిపోతాయా?

#17 పిప్పెట్

ఋతువు ప్రశ్నకు బాగా సరిపోతాయి. ఒంటి పరిమాణం ప్రశ్నకు మీ దగ్గర ఉన్నవి 180 కాదు, ఆరే. ఒకే జాతి పెంటికలన్నిటికీ బరువు ఒకటే, అవి పదిహేను వేర్వేరు సాక్ష్యాలు కావు. పర్మనోవా అనే గణాంక పరీక్షలో 180నీ స్వేచ్ఛగా కలిపేస్తే బరువుకు అద్భుతమైన పీ విలువ (తేడా యాదృచ్ఛికం కాదనిపించే అంకె) వస్తుంది, అది నమ్మకూడదు. బరువును జాతుల మధ్యనే తారుమారు చేయాలి. ఆరు జాతులకు సాధ్యమైన వరసలు 720 మాత్రమే. వంశవృక్షం సవరణ కూడా ఆరు కొమ్మలతో పెద్దగా పనిచేయదు.

అందుకే వెలిగొండ గారి జతలు. ముందుగానే ఏ జతలో ఏం ఎదురుచూస్తున్నారో రాసిపెట్టుకోండి. మనుబోతు, కొండగొర్రె సూక్ష్మజీవుల మధ్య దూరం (రెండు జనాభాలు ఎంత వేరో చెప్పే కొలత), మనుబోతుకు, అదే మేత తినే వేరే వంశపు జంతువుకు మధ్య దూరం కంటే తక్కువగా ఉంటే వంశం గెలిచినట్టు. ఎక్కువగా ఉంటే మేత. దూరాన్ని బ్రే కర్టిస్‌తో ఒకసారి, సూక్ష్మజీవుల వంశవృక్షం కూడా చూసే యూనిఫ్రాక్‌తో ఒకసారి కొలవండి. మూషిక జింకను పోలికలో కాకుండా విడిగా చూపించండి. దానికి ఒమేసం (మూడో పొట్ట) సరిగా ఏర్పడదు, పొట్ట నిర్మాణమే వేరు కాబట్టి 3 కిలోల బరువుకు అంటగట్టే తేడా నిజానికి దేనిదో చెప్పలేరు.

ఇంటి జీవాలు నాలుగు, మేక, గొర్రె, ఒంగోలు పశువు, గేదె, అదే బీళ్ళ నుంచి అదే వారంలో తీసి కలపండి. జాతులు పదవుతాయి, అనుమతి అవసరం లేనివి నాలుగు. మందు తాగించిన మంద వద్దు. నట్టల మందు, యాంటీబయోటిక్ వేసి నెల దాటని జీవాన్ని పక్కన పెట్టండి. దాణా పెట్టే ఇంటి పశువు కాకుండా బీటి మీదే బతికేవి చూడండి.

#18 జోడిపి_మంద

మందలు కావాలంటే సీతారాంపురం వైపు వెలిగొండ వారన చూడండి. ఈశాన్య వానలకు అక్కడ గొర్రెలు, మేకలు రెండూ కలిపి తోలతారు. సంక్రాంతికి ముందే రండి. ఆ తరువాత గడ్డి తగ్గేసరికి మందలు కోసిన వరి మళ్ళలోకి దిగుతాయి, అప్పుడు చెంగలిగడ్డి గారు చెప్పిన వరి గొడవ మీకు తగులుకుంటుంది.